త్రాసు కుడిచెయ్యి

కొత్త మోటారుసైకిలు కంపెనీ గేటు దాటి బయటికి పోవాలంటే ముందు దాన్ని ఇద్దరు నడిపి చూడాలి. ఒక్కడు నడిపి బాగుందంటే చాలదు. ఆ ఒక్కడికి నడుం పట్టేసి ఉండవచ్చు, లేదా పొద్దున్నే పెళ్లాంతో తగువుపడి వచ్చి ఉండవచ్చు. ఎక్కినవాడి చిరాకంతా పాపం బండి నెత్తిన పడుతుంది. అందుకని ఇద్దరు. ఆ ఇద్దరిలో ముందు ఎక్కే మనిషి అసలు పేరు షెడ్డులో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన త్రాసు.

ఆ పేరు ఆయనకు వయసులో ఉన్నప్పుడు వచ్చింది. ఒకసారి బండి దిగి, వెనక చక్రంలో గాలి కాస్త తగ్గిందన్నాడు. కొలిచి చూస్తే తగ్గిన మాట నిజమే. "వీడు మనిషి కాదురా, త్రాసు" అన్నాడు అప్పటి మేస్త్రి. మేస్త్రి రిటైరై వెళ్లిపోయాడు, పేరు మాత్రం అంటుకుని ఉండిపోయింది. ఇంట్లో ఆవిడ మాత్రం దీన్ని ఈనాటికీ ఒప్పుకోదు. "కూరగాయలు తెమ్మంటే సంచీ నిండా పుచ్చులు ఏరుకొచ్చే మనిషికి త్రాసని పేరు పెట్టారు, వాళ్ల బుద్ధికి దండం పెట్టాలి" అంటుంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మొదట నడిపినవాడు దిగాక, రెండోవాడు కూడా నడిపి దిగేదాకా నోరు విప్పకూడదు. విప్పితే అది ఎంగిలి మాట. "బ్రేకు కొంచెం మొద్దుగా ఉందిరా" అని ఒక్క ముక్క చెవిన పడితే చాలు, రెండోవాడి కాలికి బ్రేకు మొద్దుగానే తగులుతుంది, దాన్ని సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి బిగించినా సరే. మాటే కాదు, మొహం కూడా ఎంగిలేనని త్రాసు వాదన. కనుబొమ ముడిపడినా, పెదవి చివర చిన్న నవ్వు మెరిసినా ఎదుటివాడు ఇట్టే పట్టేస్తాడు. అందుకని ఆయన బండి దిగాక హెల్మెట్ తీయడు, దాని ముందు అద్దం కూడా ఎత్తడు. అలాగే వెళ్లి షెడ్డు పక్కన పిట్టగోడ మీద కూర్చుంటాడు. ఎండ మాడిపోతున్నా అంతే. కొత్తగా చూసినవాళ్లు ఈయనకేదో పట్టిందనుకుంటారు. చూడగా చూడగా వాళ్లకీ అలవాటవుతుంది.

రెండోవాడు ఆయన బావమరిది, ఇంట్లో ఆవిడ తమ్ముడు. పెళ్లినాటికి ఖాళీగా తిరుగుతూ, దొరికిన బండినల్లా ఎక్కి తల్లి గుండెల మీద కుంపటిలా ఉండేవాడు. త్రాసే వాణ్ణి లోపలికి తీసుకొచ్చి పని నేర్పాడు. బండిని ఎలా నడపాలో కాదు, అది వాడికి ముందే వచ్చు. బండి చెప్పేది ఎలా వినాలో నేర్పాడు. పిర్రలతో వినాలి, పాదాలతో వినాలి, అన్నిటికన్నా ముందు అరచేతులతో వినాలి. ఇప్పుడు బావమరిదికీ తల నెరిసింది, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా బావ ముందు గట్టిగా మాట్లాడడు. "బావ నడిపేది బండిని, నేను నడిపేది దాని నీడని" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, పనిచేసే చోట అంత భక్తి పనికిరాదని ఎవరూ చెప్పలేదు.

ఇక చెయ్యి సంగతి. కిందటేడు ఎప్పుడో మొదలైంది. ముందు పొద్దున్నే కుడిచేతి వేళ్ల చివర్లు చీమలు పాకినట్టు ఉండేవి. కాసేపు విదిలిస్తే పోయేది. తర్వాత పోవడం మానేసింది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది, గుండీ వేళ్ల మధ్య ఉందో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. అన్నేళ్లు బండ్ల వణుకు తాగిన చెయ్యి, ఇక చాలని మొండికేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

ఇంట్లో ఆవిడకు చెప్పనవసరం లేకపోయింది. ఆవిడ ముందుగదిలో రెండు కుట్టు మిషన్లు వేసుకుని వీధి మొత్తానికి జాకెట్లూ చొక్కాలూ కుడుతుంది. ఒక సాయంత్రం ఆయన మిషను బల్ల మీద కళ్లజోడు కోసం తడుముకుని, దొరికాక కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆవిడ మిషను ఆపింది.

"ఏమండీ, మీ వేలికి సూది వేలాడుతోంది."

ఆయన చూసుకున్నాడు. నిజమే. సూదుల దిండు మీద చెయ్యి పడినట్టుంది, చూపుడువేలి చివర ఒక సూది దిగబడి ఉంది. "అరె" అన్నాడు, ఎవరి వేలో అన్నట్టు. ఆవిడ వచ్చి సూది లాగింది. చిన్న రక్తపు చుక్క వచ్చింది. తర్వాత ఆ వేలిని ఆవిడ తన వేళ్లతో గట్టిగా నొక్కి చూసింది, మొహంలోకి చూస్తూ.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందిలే."

"అబద్ధం."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్తే ఏమంటాడు? బండి మానెయ్యమంటాడు. ఆ మాటకి అంత దూరం వెళ్లి బెంచీ మీద కూర్చోవాలా? ఆ మాత్రం నేనూ అనగలను."

"అయితే అనండి."

అనలేదు. ఆయనకు భయం. తిండి గురించి కాదు, మిషన్లు రెండూ తిరుగుతూనే ఉన్నాయి. బండి దిగితే తను ఏమిటన్నది భయం. షెడ్డులో ఆ చెయ్యి ఏం చెబితే అది ఖాయం. చెయ్యి పోతే, అన్నం కలుపుకుని తినే మామూలు మనిషి మిగులుతాడు. లోకంలో అలాంటివాళ్లకి కొదవేముంది. తమ్ముడితో ఒక్క మాట కూడా అనొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాడు. ఆవిడ ఇచ్చింది, ఇష్టం లేకుండానే.

ఆ ఏడు కంపెనీ తన ప్రాణాలన్నీ ఒకే బండి మీద పెట్టుకుంది. నాలుగు సిలిండర్ల బండి, కంపెనీ చరిత్రలో అంత వేగం వెళ్లేది ఇంకోటి లేదు. దాన్ని తయారుచేసిన పెద్ద ఇంజనీరు ఒక ఆడమనిషి. షెడ్డులో అందరూ ఇంజనీరమ్మ అంటారు. మంచి పనిమంతురాలు, బరువంటే మాత్రం ఆవిడకు పగ. బండిలో ఎక్కడ చారెడు బరువు కనిపించినా గీకి తీసేసింది. హ్యాండిలు రెండు చివర్లా ఇనప దిమ్మలు ఉంటాయి, ఇంజను వణుకు చేతుల్లోకి రాకుండా అవి ఆపుతాయి. కుడివైపు యాక్సిలరేటరు కొత్త రకం, తీగ లేకుండా కరెంటుతో పనిచేసేది. దానికి చోటు కావాలి కాబట్టి కుడి దిమ్మను చిన్నది చేసింది. ఇది చేతికి తగులుతుందేమోనన్న అనుమానం ఆవిడకే ఉంది. లెక్కల్లో సరిపోయింది గానీ, అరచెయ్యి లెక్కలు వినదు కదా. అందుకే రైడర్లు చెప్పాలంది.

బండి షెడ్డులోంచి బయటికి వచ్చింది. రంగు వేయలేదు, పేరు లేదు, నల్లగా ఉంది. త్రాసు ఎక్కాడు. సీటు ఎత్తు, పాదాలు పెట్టే మెట్లు బాగా వెనక్కి ఉన్నాయి. ఎక్కగానే మనిషిని ముందుకి వంచి, బరువంతా మణికట్ల మీద పెట్టించింది. ఎదురుగా చిన్న టీవీలాంటి మీటరు. అందులో మూడు రకాల నడక: వానకి ఒకటి, రోడ్డుకి ఒకటి, రేసుకి ఒకటి. ఆయన వానతో మొదలుపెట్టాడు. అది బుద్ధిమంతుడి నడక. యాక్సిలరేటరు ఎంత తిప్పినా బండి కాస్త ఆలోచించుకుని మరీ ముందుకి వెళ్తుంది. రోడ్డు నడకకి మార్చాడు. ఆ ఆలోచన పోయింది. మనసులో అనుకోగానే వెళ్తోంది.

కంపెనీ వెనక గుండ్రంగా తిరిగే ట్రాకు మీద మూడో రకానికి వచ్చేసరికి బండి అసలు స్వభావం బయటపడింది. క్లచ్ పట్టనవసరం లేదు, కాలితో మీటితే చాలు, గేరు టక్కుమని పడుతుంది, వేగం ఎక్కడా తెగదు. మలుపులో వంచితే, మనం ఎటు చూస్తే అటే వెళ్తుంది. వెనక చక్రం కాస్త జారబోతే లోపల కంప్యూటరు పట్టుకుంటుంది, పట్టుకున్నట్టు కూడా తెలియనివ్వదు. తిన్నటి దారి చివర బ్రేకు నొక్కితే ముందు చక్రం నేలని పట్టుకుని వదలలేదు, వెనక చక్రం మాత్రం కొంచెం లేచింది. ఆయన గుండె కూడా లేచింది. చాలాకాలం తర్వాత ఆయనకు నవ్వొచ్చింది, హెల్మెట్ లోపలే నవ్వుకున్నాడు. దిగి, అద్దం దించుకుని, పిట్టగోడ మీద కూర్చున్నాడు. బావమరిది వచ్చి బండి తీసుకెళ్లాడు.

బావమరిది దిగాక, ముందు త్రాసు ఒక్కడూ ఇంజనీరమ్మ గదిలోకి వెళ్లాడు.

"సీటు గట్టి. గంట దాటితే పిర్రలు తిడతాయి. అద్దాల్లో నా మోచేతులు తప్ప వెనకున్న లోకం కనిపించదు. వేడి కుడి తొడకి తగులుతోంది. అవన్నీ పక్కన పెడితే, మేడం, మలుపుల్లో దీనికి సాటి లేదు."

"హ్యాండిలు? కుడిచేతికి వణుకేమైనా?"

"అస్సలు లేదు. వెన్న పట్టుకున్నట్టుంది. నేనెక్కిన బండ్లలో ఇంత నున్నటి దాన్ని చూడలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు. చేతికి తెలిసిందే చెప్పాడు.

ఇంజనీరమ్మ మొహం విచ్చుకుంది. తర్వాత బావమరిది వెళ్లాడు. అతను బయటికి వచ్చేసరికి ఆవిడ కూడా వెనకాలే వచ్చింది, ఇద్దర్నీ లోపలికి రమ్మంది.

"మీ ఇద్దరి మాటలూ అన్నిట్లో కలిశాయి. ఒక్కదాంట్లో కలవలేదు. ఈయన మీటరులో ఇంజను చుట్లు ఆరు వేల దగ్గర కుడి పిడిలో జుమ్మని వణుకుందన్నారు. కాసేపటికి వేళ్లు తిమ్మిరెక్కాయన్నారు. త్రాసుగారు అసలేమీ లేదన్నారు."

బావమరిది బావ వైపు చూశాడు. "బావ లేదన్నాడా?"

"లేదన్నారు."

"అయితే లేనట్టేనండి. నా గ్లవ్స్ కొత్తవి, లోపల కుట్టు గుచ్చుకుని ఉంటుంది. నాదే పొరపాటు."

"ఖాయమేనా? రేపు ఆ చిన్న దిమ్మనే ఖాయం చేసి, పోత పోసే అచ్చుకి పంపేస్తాను. తర్వాత మార్చాలంటే చాలా కష్టం."

"బావ చెప్పాక ఇంకేముందండీ."

ఇంజనీరమ్మ త్రాసు వైపు చూసింది. ఆయన కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. అప్పుడే నోరు విప్పాల్సింది, విప్పలేదు. తల ఊపి బయటికి వచ్చేశాడు.

సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు బావ దగ్గర కూర్చోకుండా అక్క మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, నా చేతులు చెడిపోయాయే."

ఆవిడ కాలు మిషను పెడలు మీద ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"లేని వణుకు ఉన్నట్టు తెలుస్తోంది. ఇవాళ బండి మీద ఎంత గట్టిగా తెలిసిందంటే, ఇప్పటికీ అరచేతిలో ఉన్నట్టుంది. బావకేమో ఏమీ తెలియలేదు. ఇలాగైతే నా మాటకి విలువేముంది? రేపు మేడంతో చెప్పేస్తాను, నన్ను బండి మీంచి తీసెయ్యమని. గోదాములో పని చూసుకుంటాను."

"తొందరపడకురా."

"తొందరేముంది అక్కా. పిచ్చి చేతులతో ఎక్కి, బాగున్న బండికి వంక పెడితే కంపెనీ మునుగుతుంది. లేదా, నిజంగా వంకున్న బండికి బాగుందంటే కొనుక్కున్నవాడు మునుగుతాడు. ఏదో ఒకటి. అయినా అంత బావ ఉండగా నేనెందుకు?"

త్రాసు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ తమ్ముడి వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది. మాట ఇచ్చింది కాబట్టి నోరు మెదపలేదు. మళ్లీ మిషను తొక్కనూ లేదు. తమ్ముడు వెళ్లాక ఒకే ఒక్క మాట అంది.

"వాడికి మీరే కదండీ నేర్పింది."

ఆ మాట సూది కన్నా లోతుగా దిగింది. ఈసారి తెలిసింది.

పొద్దున్నే షెడ్డు తాళం తీసే మనిషి కన్నా ముందు వెళ్లి నిలబడ్డాడు. తాళం తీశాక లోపలికి వెళ్తే బండి స్టాండు మీద ఉంది. స్టార్ట్ చేసి, కుడిచేత్తో యాక్సిలరేటరు తిప్పి, మీటరు ఆరు వేల దగ్గర నిలబెట్టాడు. కుడి అరచేతికి ఏమీ లేదు, వెన్నే. అప్పుడు అలాగే నిలబడి, ఎడమచెయ్యి చాపి కుడిచేతి పక్కనే పిడి చివర పట్టుకున్నాడు.

ఎడమ అరచేతిలో జుమ్మంది. తేనెటీగని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది. ఎంత గట్టిగా ఉందంటే, మోచెయ్యి దాకా పాకింది. అదే పిడి. అదే బండి. పక్కపక్కనే రెండు చేతులు, ఒకటి వణుకుందంటోంది, ఒకటి లేదంటోంది. ఆయన ఇంజను ఆపేశాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, తాళం తీసే మనిషి చూసీ చూడనట్టు నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంజనీరమ్మ వచ్చేసరికి బావమరిది అప్పటికే ఆవిడ గది బయట నిలబడి ఉన్నాడు, చెప్పాల్సింది లోలోపల వల్లె వేసుకుంటూ. త్రాసు వాణ్ణి పక్కకి జరిపి ముందు లోపలికి వెళ్లాడు. తలుపు వెయ్యలేదు.

"మేడం, అచ్చుకి పంపొద్దు. వీడు చెప్పిందే నిజం. పిడిలో వణుకుంది."

"నిన్న లేదన్నారు కదా?"

"నిన్న చెప్పింది నా కుడిచెయ్యి. దానికి ఏడాదిగా ఏమీ తెలియడం లేదు." ఆయన చెయ్యి బల్ల మీద పెట్టాడు. "సూది గుచ్చినా తెలియదు. మా ఆవిడ చూసింది. నేను దాచాను."

ఇంజనీరమ్మ ముందు ఫోను తీసి అచ్చు ఆపమని చెప్పింది. తర్వాత కుర్చీ ఆయన వైపు జరిపి, కూర్చోమంది. మందలించలేదు, మెచ్చుకోనూ లేదు. చెయ్యి డాక్టరుకి చూపించే వరకూ బండి ఎక్కవద్దంది. అది సెలవనీ, శిక్ష కాదనీ కూడా అంది. ఏదైతేనేం, అర్థం ఒకటే.

గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. "బావా, నాకు చెప్పొచ్చుగా" అన్నాడు.

డాక్టరు అన్నదీ ఆయన ముందే చెప్పిన మాటే. బండి మానేస్తే చెయ్యి ఇంతకన్నా చెడకపోవచ్చు, బాగుపడుతుందని మాత్రం చెప్పలేం. ఇంటికి వచ్చి ఆవిడతో ఆ మాట చెబితే, "నే చెప్పానా" అనలేదు. బజారుకి తనే వెళ్తానంది. "ఇక త్రాసు లేదు కాబట్టి మంచి కూరగాయలు దొరుకుతాయి" అంది. ఆయన నవ్వాడు, తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి కాసేపు కూర్చున్నాడు.

కొన్నాళ్లకు పెద్ద దిమ్మతో బండి మళ్లీ వచ్చింది. త్రాసు ఇప్పుడు షెడ్డులో సామాన్ల లెక్క చూస్తున్నాడు. రెండో రైడరు ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి ఒక్కడు చాలన్నారు. బావమరిది ట్రాకు మీద నాలుగైదు చుట్లు తిప్పి వచ్చి, బండిని స్టాండు మీద పెట్టి, అద్దం దించుకునే వెళ్లి పిట్టగోడ మీద కూర్చున్నాడు. కదలడు, మాట్లాడడు.

త్రాసు బయటికి వచ్చాడు.

"ఎవరికోసంరా కూర్చున్నావ్? హెల్మెట్ తియ్యి. రెండోవాడు లేడు."

బావమరిది తల అడ్డంగా ఊపాడు. వేలితో బండిని చూపించాడు. తర్వాత ఆ వేలే తిప్పి బావ ఎడమచేతిని చూపించాడు.

"నీకేమైనా పిచ్చా?"

వేలు అలాగే ఉంది. సరేనని త్రాసు బండి దగ్గరికి వెళ్లాడు. స్టార్ట్ చేసి, ఆరు వేల దగ్గర నిలబెట్టి, ఎడమచెయ్యి చాపి కుడి పిడి పట్టుకున్నాడు.

ఏమీ లేదు.

మళ్లీ పట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. నున్నగా, వెన్నలా ఉంది. ఆ వెన్న ఆయనకు బాగా గుర్తు. ఏమీ లేనిది పిడిలోనా, చేతిలోనా? బండి బాగుపడిందా, ఎడమది కూడా పోయిందా? ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ ప్రశ్నకి చెయ్యి జవాబు చెప్పలేదు. తన ఎడమ అరచేతిని కూడా తనే నమ్మలేకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఇంజను ఆపేసి, పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పద్ధతి ప్రకారం రెండోవాడిగా ఆయన తన మాట చెప్పాకే వాడు నోరు విప్పాలి.

"నువ్వు చెప్పరా" అన్నాడు. "ముందు నువ్వే చెప్పు."

ఇన్నేళ్లలో బావ ఎవరి ఎంగిలి మాటా అడగలేదని బావమరిదికి తెలుసు. తర్వాత మెడ కింద పట్టీ విప్పి, హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొహమంతా చెమట.

"వణుకు పోయింది బావా" అన్నాడు. "పూర్తిగా పోయింది. నీ చెయ్యి బాగానే ఉంది."

త్రాసు వాడి పక్కన గోడ మీద కూర్చున్నాడు. ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, దాన్నే చూస్తూ, వాడి మాట నమ్మాడు.